దేశం తేలని కొంగలు

కొల్లేటి నడుమ ఒక మట్టిదిబ్బ, దిబ్బ మీద తుంగతో అల్లిన గూడు, గూట్లో రెండు గుడ్లు. గుడ్లు లంబయ్య, శేషారత్నం అనే కొంగ దంపతులవి. వాటి మీద మనసు పడ్డవాడు గుంటయ్య అనే నక్క. ఎండలకు నీళ్ళు తగ్గి దిబ్బకు దారి పడగానే ఒకసారి మూతి పెట్టబోయాడు. లంబయ్య పొడిచిన పోటుకు మూడు రోజులు ఎడమకన్ను తెరవలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఊరు విడిస్తే తప్ప తనకు ఫలహారం లేదని అప్పుడే తెలిసిపోయింది.

అంతలో అదృష్టం కలిసొచ్చింది. చలికాలం వచ్చిపోయే బాతులు చెప్పిన కబుర్లకు కొంగలు యూరప్‌కు మకాం మార్చేద్దామనుకున్నాయి. దూరపు కొండలు నునుపు కదా. ఏ దేశమో తేల్చుకోలేక తంటాలు పడుతుంటే గుంటయ్య వినయంగా వచ్చి, ఆ దేశాలనిండా తన చుట్టాలే ఉన్నారని, సలహా ఉచితమని చెప్పాడు. మరి గుడ్లెలాగని శేషారత్నం అడిగింది.

"గుడ్లకు వీసా ఇవ్వరు చెల్లెమ్మా. ఇక్కడే ఉంచి వెళ్ళండి, మేనమామను నేనున్నానుగా," అన్నాడు గుంటయ్య గుటక మింగి.

కొంగల్లో ఒక ఆచారముంది. దూరప్రయాణానికి తెల్లవారుతూనే ఆలుమగలిద్దరి ముక్కులూ ఒకే దిక్కు చూడాలి. లేకపోతే ఆ రోజుకు ప్రయాణం లేనట్టే.

గుంటయ్య నార్వేతో మొదలుపెట్టాడు. చేపలు దండిగా దొరుకుతాయనగానే లంబయ్య ముక్కు ఉత్తరానికి తిరిగింది. అక్కడ వేసవిలో పొద్దే గుంకదని విన్న శేషారత్నం, పొద్దు గుంకినా ఇల్లు చేరని ఈయన అక్కడ ఇంకెప్పుడొస్తాడని ముక్కు దక్షిణానికి తిప్పేసుకుంది. మర్నాడు స్పెయిన్. మధ్యాహ్నం కునుకు తీసే ఆనవాయితీ ఉందని లంబయ్యకు నచ్చింది, సరిగ్గా అందుకే ఆవిడకు నచ్చలేదు. హాలండ్ కాలవల్లో కప్పలున్నాయంటే, సముద్రం కన్నా పల్లంలో కాపురం పెడితే వదినలు నవ్వుతారంది. ఆవిడ స్విట్జర్లాండ్ అంటే ఆయనకు మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి.

తగువు తేలుతుందేమోనని గుంటయ్య రోజుకో కొత్త దేశం చేర్చాడు. అదే అతను చేసిన తప్పు. చేర్చినకొద్దీ తగువు పెరిగింది. వేటకు పోతే సరిగ్గా ఆ పూటే ముక్కులు కలుస్తాయేమోనని భయపడి, కదలకుండా పస్తులున్నాడు. గుడ్లు పిల్లలయ్యాయి. గుడ్డు కన్నా పిల్లే రుచని సర్దిచెప్పుకున్నాడు. గ్రీసు అయింది, ఫిన్లాండ్ అయింది. డొక్కలు అంటుకుపోయి పాపం ఏడుపొచ్చినంత పనైంది.

"బావగారూ, ఆలస్యం అమృతం విషం. ఏదో ఒకటి అనుకోండి," అని బతిమాలాడు.

"కాపురముండే చోటండీ. తొందరపడితే ఎలాగ?" అన్నాడు లంబయ్య.

చివరికి తొలకరి పడ్డాక ఒక ఉదయం శేషారత్నమే విసిగిపోయి, సరే, పోర్చుగల్ అంది. రెండు ముక్కులూ పడమటికి తిరిగాయి. గుంటయ్య సంబరంగా లేవబోయి, ఓపిక లేక మళ్ళీ కూలబడ్డాడు. అప్పుడే పిల్లలిద్దరూ గూటి అంచుకొచ్చి, రెక్కలు విప్పి, అతని నెత్తి మీదుగా ఎగిరి దూరాన తాడిచెట్టు మీద వాలారు. నోట్లో ఊరిన నీళ్ళు గుంటయ్య నోట్లోనే ఇంకిపోయాయి.

శేషారత్నానికి కళ్ళు చెమర్చాయి.

"ఏమండీ, పిల్లలు ఎదిగారు. వాళ్ళనీ ఒక మాట అడగకుండా ఎలా వెళ్తాం?" అని మొగుడితో అని, గుంటయ్య వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఆ దేశాల సంగతులన్నీ మా పిల్లలకు మొదట్నుంచీ ఇంకోసారి చెప్పి పెట్టండి."

నీతి: ఆలుమగలు ఒక మాట మీదికొచ్చాక తిందామనుకునేవాడు ఇంటి దగ్గరే అన్నం తిని రావాలి.