తీతువు పిట్ట తిట్లు

అనగనగా ఒక ఊరికి ఒక మడుగు ఉండేదే చిట్టీ. లోతు లేని నీళ్ళు, చుట్టూ జమ్ము, ఒడ్డున గులకరాళ్ళు. పిట్టల కోసమని సర్కారు వాళ్ళు దానికి కంచె కట్టి, మనుషులు నడవడానికి ఒక బాట వేశారు. ఆదివారం తెల్లారేసరికి జనం మెడలో కెమెరాలు వేసుకుని బిలబిలమంటూ వచ్చేవాళ్ళు.

వాళ్ళలో హైమావతి అని ఒకావిడ. పోస్టాఫీసులో ఉద్యోగం. మనసు మంచిదే గానీ ఫొటోల పిచ్చి. అందరి ఫొటోలకన్నా తన ఫొటోనే బాగుండాలి. అదీ ఆవిడ రోగం.

అందర్నీ తిప్పి చూపించే పెద్దాయన ఇస్మాయిల్ గారు. ఆ రోజు బయల్దేరేముందే చెప్పారు. "బాట దిగకండమ్మా. తీతువులు గుడ్లు పెట్టే కాలం. వాటికి గూడూ గీడూ ఉండదు, నేల మీదే పెడతాయి. ఎండెక్కితే పొట్ట తడుపుకొచ్చి గుడ్లని చల్లబరుచుకుంటాయి."

హైమావతి అప్పుడు లెన్సు తుడుచుకుంటోంది. మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

ఎండెక్కింది. అందరూ టీ తాగడానికి గేటు దగ్గరికి వెళ్ళారు. అప్పుడు ఈవిడ అటూ ఇటూ చూసి, మెల్లిగా బాట దిగింది. సంచీ కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది.

అప్పుడు తీతువు పిట్ట వచ్చింది. పసుప్పచ్చటి పొడుగు కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రటి తోలు. రాగానే ఒకటే అరుపు. రెక్కలు విప్పి గిర్రున తిరిగింది. హైమావతి టకటకా ఫొటోలు తీసింది. పిట్ట నీళ్ళ దగ్గరికి పరిగెత్తింది.

ఆ తర్వాత మళ్ళీ వచ్చింది. పొట్ట నుంచి నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ అరిచింది. "అబ్బ, నాకోసమే ఆడుతున్నావే!" అని మురిసిపోయింది హైమావతి.

మూడోసారి కూడా తడిసి వచ్చింది. నోరు తెరుచుకుని రొప్పుతోంది, అయినా అరుపు మానలేదు. ఈవిడ ఇంకాస్త ముందుకు జరిగింది. చూశావా, కళ్ళుండీ ఎంత గుడ్డితనమో!

ఇంటికెళ్ళి, మంచి ఫొటో ఒకటి ఏరి, అంచులు కత్తిరించి అందరి ఫోన్లకీ పంపింది. "తీతువు నాట్యం" అని పేరు కూడా పెట్టింది. అబ్బో, ఒకటే మెచ్చుకోళ్ళు! "పెద్దది చేయించండమ్మా, వచ్చే ఆదివారం గేటు దగ్గర గోడకి తగిలిద్దాం" అన్నారు ఇస్మాయిల్ గారు.

పెద్దది చెయ్యాలి కదా, అసలు ఫొటో తెరిచింది. మూల తన సంచీ కనబడింది. సంచీ పక్కన మచ్చల గులకరాళ్ళు నాలుగు. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి, మొనలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. రాళ్ళు అలా సర్దుకుంటాయా, నువ్వే చెప్పు?

అవి గుడ్లేనని హైమావతికి తెలిసిపోయింది. పిట్ట పొట్ట ఎందుకు తడుపుకొచ్చిందో అప్పుడు బుర్రకెక్కింది. అది నాట్యం కాదే చిట్టీ. "లేచి అవతలికి పో, నా గుడ్లు ఎండకి మాడిపోతున్నాయి" అని ఆ తల్లి మొత్తుకుంది. ఈవిడ సిగ్గుతో చితికిపోయింది. అద్దంలో తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు.

పడుతూ లేస్తూ మడుగు దగ్గరికి పరిగెత్తింది. ఈసారి బాట దిగలేదు, దూరం నుంచే చూసింది. పిట్ట గుడ్ల మీద కూర్చునే ఉంది. ఆదివారంలోపు మూడు పిల్లలు బయటికొచ్చాయి. నాలుగో గుడ్డు అలాగే ఉండిపోయింది. అది ఆ ఎండకే పోయిందో, ఇంకెందుకు పోయిందో ఎవరికి తెలుసు? హైమావతి మాత్రం తనవల్లే అనుకుంది.

ఆదివారం ఫొటో గోడెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

అయినా హైమావతి అంది, "అది నాట్యం కాదండీ. బాట దిగి, గుడ్ల పక్కనే కూర్చున్నాను. అది ఏడుస్తుంటే నేను ఫొటోలు తీశాను."

చప్పట్లు ఆగిపోయాయి. ఇస్మాయిల్ గారు ముందుకొచ్చారు. ఫొటో దించి, మేకు కూడా పీకి జేబులో వేసుకున్నారు. దానికన్నా ఆయన నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది, పాపం.

ఇప్పటికీ హైమావతి ప్రతి ఆదివారం వస్తుంది, కెమెరా లేకుండా. బాట పక్కన నిలబడి, దిగబోయేవాళ్ళని ఆపుతుంది. ఆవిడ కనబడితే చాలు, తీతువు నెత్తి మీద తిరుగుతూ తిట్టిపోస్తుంది. చూసినవాళ్ళు నవ్వుతారు. ఆవిడ తలొంచుకుని, "తిట్టవే తల్లీ, కడుపారా తిట్టు" అంటుంది.

కథేమో కంచికి,
తీతువేమో పిల్లల చెంతకి,
నా చిట్టితల్లేమో చల్లటి నిద్దరకి.