వెంకోబరావుగారి మట్టి

సుభాషిణికి బొమ్మ కాళ్లు కుదిరాయి, భుజాలు కుదిరాయి, భుజమ్మీది కండువా కూడా కుదిరింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆగదూ మరి! చెయ్యాల్సింది శిల్పి వెంకోబరావుగారి విగ్రహం. రాజుల్నీ మంత్రుల్నీ పక్కన పెట్టి, రేవులో మూటలు మోసేవాళ్లనీ, చేపల బుట్ట దించుకునే ఆడవాళ్లనీ కంచులో నిలబెట్టిన మనిషాయన. ఆ బొమ్మల్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు. ఆయన శతజయంతికి కాకినాడలో విగ్రహం పెడుతున్నారు. ఆ పని ఆయన శిష్యుడు నరహరి మాస్టారి దగ్గరికి వస్తే, మాస్టారు దాన్ని తన శిష్యురాలి చేతిలో పెట్టారు.

సుభాషిణి వెంకోబరావుగారిని ఎన్నడూ చూడలేదు. ఫోటోలు చూసి మట్టితో ముఖం చేసింది, చెరిపింది. మళ్లీ చేసింది. పోలిక వచ్చేది గాని ప్రాణం వచ్చేది కాదు.

చివరికి చేతులు కడుక్కుని మాస్టారి ముందు నిలబడింది.

"నా వల్ల కాదండి. అంతటివారి ముఖం ముట్టుకోవాలంటే చెయ్యి ఆగిపోతోంది. ఆయన్ని చూసినవారు, మీరే చెయ్యండి."

మాస్టారు షెడ్డు మూలకు వెళ్లారు.

అక్కడ తడిగుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి ఉంది. వెంకోబరావుగారు పోయేనాటికి సగంలో ఉన్న ఆడమనిషి మట్టి తల. మ్యూజియం వాళ్లు బతిమాలినా మాస్టారు ఇవ్వలేదు. పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా దాని గుడ్డ తడిపేవారు. ఊరెళితే ఆ పని సుభాషిణికి అప్పగించి, రైల్లోంచి ఫోను చేసి మరీ అడిగేవారు.

ఇప్పుడు ఆ గుడ్డ విప్పారు. చెంప మీద వెంకోబరావుగారి బొటనవేలి నొక్కు చెక్కుచెదరలేదు. మాస్టారు దాని మీద తన బొటనవేలు ఒకసారి ఆనించారు. తర్వాత ఆ చెంపను రెండు చేతులా పట్టి ఊడబెరికారు.

"మాస్టారూ! ఏం చేస్తున్నారండీ!" సుభాషిణి పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "అది ఆయన చివరి బొమ్మండి!"

"ఆయన ఏ బొమ్మనీ మట్టిలో ఉంచుకోలేదమ్మాయ్. కంచు పోత అవగానే పగలగొట్టి, ఆ మట్టిని మళ్లీ తొట్టిలో వేసేసేవారు. నా మొదటి బొమ్మకి మట్టి కావాలంటే, అప్పుడే పగలగొట్టిన రేవు కూలీ బొమ్మ గుండె తీసి నా చేతిలో పెట్టారు. నేను పిసికిన మొదటి మట్టి అదే."

అంటుంటే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. మట్టిని పిసికి ముద్ద చేసి ఆమె అరచేతిలో ఉంచారు. చల్లగా, వెన్నలా ఉంది. ఎక్కడా గడ్డ కట్టలేదు.

"మరి ఇన్నేళ్లూ దాచారు కదండీ?"

"పోయేముందు మట్టి ఆరనివ్వకురా అన్నారు," అన్నారు మాస్టారు. "దాచుకోమనలేదు."

సుభాషిణి ముద్దను కళ్లకద్దుకుంది. నిచ్చెన ఎక్కి వెంకోబరావుగారి చెంప మీద ఆ మట్టి పెట్టి, బొటనవేలితో నొక్కింది. చెయ్యి ఆగలేదు. సాయంత్రానికి ఆ తల మట్టంతా ఈ ముఖంలో కలిసిపోయింది.

మర్నాడు పొద్దున మాస్టారు అలవాటు కొద్దీ నీళ్ల చెంబుతో మూలకు వెళ్లారు. అక్కడేముంది? వెనక్కి వచ్చి, సుభాషిణి బొమ్మ మీది గుడ్డ తడిపారు.