వత్సనాభికి ముందు మాట

వైద్యం నేర్పే సింగరాచార్యుల వారిని శిష్యుడు నృహరి ఒక ఉదయం ఇలా అడిగాడు: ఈ కృత్రిమ మేధ ఎవరికీ కీడు చెయ్యకుండా ఉండాలంటే దానికి ఎలాంటి కట్టడి పెట్టాలి? అడగటానికి కారణం ఉంది. గురువుగారు ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాలన్నిటినీ అతనే శీర్షికల కింద సర్ది, అలాంటి యంత్రం ఒకదానికి అప్పగించాడు. వైద్యశాల అరుగు మీద కూర్చుని రోగం చెప్పుకుంటే చాలు, అది ఆచార్యుల మాటల్లోనే జవాబు చెబుతుంది. ఊరంతా నోరెళ్ళబెట్టింది. నృహరి కాస్త ఉబ్బిపోయాడు కూడా. ఆ వయసులో ఎవరైనా ఉబ్బిపోతారు.

ఆచార్యులు లేచారు. అరుగు మీద కూర్చుందాం పద అన్నారు.

కాసేపటికి పడవ నడిపే వీర్రాజు వచ్చాడు. తల్లికి జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. ఎవరో చెప్పగా సంతలో కొన్న వత్సనాభి దుంప అతని చేతిలో ఉంది. జ్వరానికి దీన్ని ఎలా వాడాలని యంత్రాన్ని అడిగాడు. పొడి చేసి, తేనెలో రంగరించి నాకించమని అది తడుముకోకుండా చెప్పింది. వీర్రాజు దానికో దండం పెట్టి లేచాడు. ఆచార్యులు అతని చెయ్యి పట్టుకుని, దుంప శుద్ధి చేసిందేనా అని అడిగారు.

"శుద్ధంటే ఏంటండి? సుబ్బరంగా కడిగేనండి," అన్నాడు వీర్రాజు.

నృహరికి వెంటనే అర్థమైంది. శుద్ధి చెయ్యని వత్సనాభి విషం. ఆ ముసలమ్మ సాయంత్రం దాకా బతికేది కాదు. ఆచార్యులు దుంప తీసేసుకుని, లోపలి నుంచి వేరే మందు తెచ్చి ఇచ్చి, తాను వచ్చి చూస్తానని చెప్పి పంపారు.

యంత్రం అబద్ధమాడిందని నృహరి అన్నాడు.

"ప్రతి మాటా నాదే. అబద్ధం ఎక్కడుంది?" అన్నారు ఆచార్యులు. పాఠంలో ఆ మాటకు ముందు తానేం చెప్పేవాడినో గుర్తు చేసుకోమన్నారు.

గుర్తొచ్చింది. వత్సనాభి పేరెత్తిన ప్రతిసారీ ఆయన ముందు శుద్ధి చెప్పేవారు: గోమూత్రంలో నానబెట్టాలి, ఎండబెట్టాలి, శుద్ధి కానిది ముట్టుకోకూడదు. జ్వరం పాఠంలో అదే, వాతం పాఠంలో అదే. పెద్దాయన చాదస్తమనుకుని నృహరి వాటన్నిటినీ కత్తిరించి, శుద్ధి అనే శీర్షిక కింద ఒక్కచోట పెట్టాడు. జ్వరం గురించి అడిగితే యంత్రం జ్వరం కిందే వెతికింది. అక్కడ ఉన్నదే చెప్పింది.

మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని, తీసేసిన మాటలు ఎక్కడివక్కడ తిరిగి పెట్టారు. యంత్రంలో ఇంకేమీ మార్చలేదు. తరవాత వీర్రాజు అడిగిన మాటే నృహరి అడిగాడు. "ముందు ఇది చెప్పండి, ఆ దుంప శుద్ధి చేసిందేనా? కాకపోతే నోట్లో పెట్టనివ్వకండి," అంది అది. పొద్దున ప్రాణం తీయబోయిన గొంతే అది. ఆ చాదస్తం ఇన్నేళ్ళుగా ఎందరికి కాపలా కాసిందో తలుచుకుని నృహరి చేతులు జోడించాడు. యంత్రాలు లేని రోజుల్లో, ఎదురుగా బుద్ధిగా వింటున్న శిష్యులకు, అన్నిసార్లు ఎవరి కోసం చెప్పారని అడిగాడు.

"మధ్యలో వచ్చి, ఒక్క ముక్క విని లేచిపోయేవాడు ప్రతి ఏడూ ఒకడుంటాడు నాయనా," అన్నారు ఆచార్యులు. "ఈసారి అలా వచ్చింది ఈ యంత్రం, దీని మాట వినేవాళ్ళే ఎక్కువయ్యారు."