గాల్లో బిగించిన బోల్టు

మీరావలి మేస్త్రిని ఏదడిగినా నోటితో జవాబు రాదు. చేతిలో పానా నీ చేతికిచ్చి, ఎదురుగా ఉన్న బండి చూపిస్తాడు. ఆటోనగర్లో ఆయన షెడ్డు తెలిసిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ఆయన శిష్యుడు వీరాంజి ఆరోజు ఆగలేక అడిగేశాడు.

"మేస్త్రీ, పెళ్లయ్యాక ఇంట్లో ఏది ఎట్టా జరగాలో ముందే తేల్చేసుకుంటే మంచిదేనా?"

వీరాంజికి సునందతో పెళ్లి మాటలయ్యాయి. ఆ పిల్ల నర్సు. పెళ్లయ్యాక ఉద్యోగం మానెయ్యాలని వీరాంజి వాళ్లమ్మ పట్టు. "ఇప్పుడే ఒప్పించరా, తాళి పడ్డాక ఇంటదా?" అని రోజూ పోరు. ఆ సాయంత్రం ఫోన్లో సునందకి చెప్పేద్దామని వీరాంజి తెగించాడు. ఆమె కాదంటే సంబంధం పోయినట్టే. పోతే వీడు తట్టుకోలేడని షెడ్డులో అందరికీ తెలుసు. ఆమె ఫోనొస్తే వీడి గొంతే మారిపోద్ది.

మేస్త్రి విన్నాడు. "ఆ ఎర్ర కారు అయిందా?" అన్నాడు.

రెండు తలుపుల స్పోర్ట్స్ కారు అది. నేలకి ఆనుకున్నట్టు కనపడాలని ఓనరు నిఖిలేష్ కంపెనీ స్ప్రింగులు తీసేయించి, బయట కొన్న పొట్టి స్ప్రింగులు వేయిస్తున్నాడు. వేసింది వీరాంజే. ఆ షెడ్డులో లూజు బోల్టు వదిలితే తిట్లు తప్పవు. అందుకని కారు ఇంకా జాకీల మీద పైనుండగానే, చక్రాలు వేలాడుతుండగానే, చక్రాల్ని బండికి పట్టి ఉంచే కింద ఆర్ముల బోల్టులన్నీ ఒళ్లు బరువంతా వేసి బిగించేశాడు.

కారు దింపారు. నిఖిలేష్ వంగి చూశాడు. "బండేం దిగలేదు, చక్రానికీ బాడీకీ మధ్య ఇంకా పిడికిలి దూరుతోందన్నా." అట్టా ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. స్పీడ్ బ్రేకర్ మీద కీచుమంది. "కొత్త స్ప్రింగులేసి పాత మంచం చేశారే."

"స్ప్రింగులే దొంగ మాలు మేస్త్రీ," అన్నాడు వీరాంజి.

మేస్త్రి కారుని, కింద నుంచి పని చేసుకునే గొయ్యి మీదకి నడిపాడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. వీరాంజిని గోతిలోకి దింపి పానా అందించాడు.

"లూజు చెయ్."

"బిగించింది లూజు చెయ్యమంటావేంటి మేస్త్రీ?"

"చెయ్యరా."

మొదటి బోల్టు తిప్పగానే లోపల ఏదో టక్కుమంది. అన్నీ వదులయ్యేసరికి కారు, ఎండన పడొచ్చి అరుగు మీద చతికిలబడ్డ మనిషిలాగ మెల్లగా కిందకి కూర్చుంది. పైనుంచి నిఖిలేష్, "దిగిందన్నా, దిగింది," అంటున్నాడు. మేస్త్రి అతన్ని సీట్లో కూర్చోబెట్టి, కారుని ముందూ వెనకా నాలుగుసార్లు అదిమాడు. ఊగి ఊగి అది ఒకచోట ఆగింది.

"ఇప్పుడు బిగించు."

వీరాంజి బిగించి, మొహం తుడుచుకుంటా పైకొచ్చాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే విన్నదెప్పుడు నువ్వు? ఆ బోల్టు చుట్టూ ఉండేది రబ్బరు. బండి నేల మీద బరువు మోస్తా నిలబడ్డాకే దాన్ని బిగించాలి. వేలాడేటప్పుడు బిగిస్తివా, దింపిన కాణ్ణించీ మెలిపడే ఉంటది. ఓ నాటికి చిరుగుద్ది. అప్పుడు స్ప్రింగుని తిడతాం."

బల్ల మీద వీరాంజి ఫోను మోగింది. సునంద. వీడు ఫోను పట్టుకుని మేస్త్రి వంక చూశాడు. "మరి మా అమ్మ చెప్పిన మాట..."

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"మీ ఇద్దరి బండి ఇంకా నేల మీదకే రాలేదు కదరా. ఫోనెత్తు. పాపం, పొద్దుటి నుంచీ డ్యూటీలో ఉంది, తిన్నదో లేదో కనుక్కో."