విషాల కట్ట

భూషణం మూట కట్టేసుకున్నాడు. ఇంక ఆశ్రమంలో ఉండకూడదు, అంతే.

నిన్న పొద్దున రోట్లో మందు దంచుతుంటే తోటి శిష్యుడు వెంకన్న ఏదో వేళాకోళం ఆడాడు. అంతమాత్రానికే భూషణం రోకలి విసిరేశాడు. తల పక్కనుంచి పోయింది కాబట్టి వెంకన్న బతికాడు! భూషణం తండ్రి ఇలాంటి కోపంలోనే సొంత తమ్ముణ్ణి నరికి, జైల్లో పోయాడు. నిన్నటి నుంచీ భూషణానికి ముద్ద దిగితే ఒట్టు. తన చేతుల్ని చూస్తే తనకే భయం.

మూట చంకన పెట్టుకుని, సెలవు అడుగుదామని గ్రంథాల గదికి వెళ్లాడు. అక్కడున్న గురువు అచలానంద స్వామి కాషాయం కట్టక ముందు కాలేజీలో జీవశాస్త్రం చెప్పిన మనిషి.

"స్వామీ, మా నాన్న జన్యువులు నాలో ప్రతి కణంలోనూ ఉన్నాయి. ఇంక నేనెక్కడికి పారిపోను?"

"కోపానికంటూ ఒక జన్యువుందో లేదో నాకు తెలీదురా. పళ్లు మొలవడానికి కావలసిన జన్యువులు మాత్రం నీ కంట్లోనూ ఉన్నాయి. కంట్లో పన్ను మొలిచిందా?"

"లేదు స్వామీ. కంటి కణాల్లో ఆ జన్యువులున్న భాగం గట్టిగా చుట్టి ఉంటుంది. కణానికి కబురు అంది, చుట్ట వదులైతేనే ఆ జన్యువుకి నకలు తయారవుతుంది. నకలు లేనిదే పని జరగదు."

స్వామి నేర్పిన పాఠం గడగడా అప్పజెప్పాడు గానీ భయం వీసమెత్తు తగ్గలేదు.

స్వామి పై అరలోంచి నల్లగుడ్డ చుట్టిన తాటాకుల కట్ట దించారు. మందుల తయారీ రాసి ఉన్న కట్ట ఏదీ ఆ గది గడప దాటదు. స్వామి చీటీ ఉన్నవాళ్లే తాడు విప్పి, కావలసిన ఆకు కాగితం మీద రాసుకుంటారు. మందు తయారయ్యాక ఆ కాగితం పొయ్యిలో వేసెయ్యాలి. నల్లగుడ్డ కట్టకు చీటీ ఇవ్వడం భూషణం ఎన్నడూ చూడలేదు.

"ఇవన్నీ విషాలురా. ఏ వేరు ఎంత నూరితే మనిషి పోతాడో రాసి ఉంది. నూరేళ్లుగా మన వంటింటి గోడకి ఇవతలే ఉంది. ఇక్కడ అన్నం తిని ఎవరైనా పోయారా?"

భూషణం తల అడ్డంగా ఊపాడు.

స్వామి కట్టను అతని చేతుల్లో పెట్టారు. గుడ్డ కింద తాడు పాతబడి సాగిపోయింది, ఒక ఆకు బయటికి జారుతోంది.

"దీన్ని తగలబెట్టేద్దాం స్వామీ!"

"ఆ విషాలకి విరుగుడు మందులు కూడా అందులోనే ఉన్నాయి."

స్వామి అతని వైపు తిరిగారు.

"నిన్న వెంకన్న ఒక్క మాటకి, నీ కోపానికి చీటీ రాసిచ్చింది ఎవర్రా?"

"నేనే స్వామీ," అన్నాడు భూషణం. తర్వాత కింద కూర్చుని తన మూటకున్న తాడు విప్పాడు. బట్టలు నేలంతా పడ్డాయి. రోకలి విసిరిన ఆ చేతులతోనే జారిన ఆకును లోపలికి తోసి, ఆ తాడుతో కట్టను గట్టిగా బిగించి ముడేశాడు.