కోరయ్య తొందర, చుక్కమ్మ ఎడం

ఇప్పలకోన అడవిలో దుప్పులు, మనుబోతులు, అడవిదున్నలు, అడవిపందులు, ముళ్ళపందులు, కుందేళ్ళు ఉండేవి. ఒక చిరుతపులి కూడా ఉండేది. ఎండాకాలం ముదిరితే కోనలోని వాగులన్నీ ఎండిపోయేవి. కొండ కింద మడుగు ఒక్కటే మిగిలేది.

ఆ మడుగుకు దిగే బాట ఒక్కటే. అదీ ఇరుకు. ఒక పక్క నిటారు బండ, ఇంకో పక్క లోయ. మధ్యాహ్నం బండ కాలిపోతుంది కాబట్టి దిగడం కుదరదు. చీకటి పడ్డాక మడుగు దగ్గరికి చిరుతపులి వచ్చి, ఎండ ఎక్కేదాకా అక్కడే ఉంటుంది. అందుకని అడవి అంతా పొద్దు వాలే వేళకే బయలుదేరేది, ఒకరి వెనక ఒకరు వరసగా.

ఆ బాటకు పెద్దలు పెట్టిన కట్టు ఒకటి ఉంది. ముందు నడిచేవారి నాలుగు కాళ్ళూ కనబడేంత దూరంలో వెనకవారు నడవాలి. ముందువారు ఉన్నట్టుండి ఆగితే, వెనకవారికి ఆగడానికి చోటుండాలి.

అడవిపంది కోరయ్యకు ఈ కట్టు నచ్చేది కాదు. మడుగు ఒడ్డున మద్దిచెట్టు నీడలో మెత్తని బురద ఉంది. ముందు చేరినవాడిదే ఆ చోటు.

"నాలుగు కాళ్ళు చూసుకుంటూ నడిస్తే నా బురద ఇంకెవరో తొక్కేస్తారు. నాకు తోక కనబడితే చాలు" అనేవాడు కోరయ్య.

అన్నట్టే ముందువారి గిట్టలకు మూతి ఆనించి నడిచేవాడు. బుసకొట్టేవాడు. తప్పుకునే చోటు లేని దగ్గర కూడా "జరగండి, జరగండి" అని తరిమేవాడు. కుందేళ్ళు భయపడి పరుగెత్తేవి. అవి పరుగెత్తితే కోరయ్యా పరుగెత్తేవాడు. దానివల్ల వేగం పెరిగేది తప్ప ఎడం పెరిగేది కాదు.

ఒక సాయంత్రం కోరయ్య మనుబోతు వీరన్న వెనక పడ్డాడు. వీరన్న పొడగరి, పౌరుషం గలవాడు.

"కాస్త దూరంగా నడువు" అన్నాడు వీరన్న.

"నువ్వు కాస్త గబగబా నడువు. అంత పొడుగు కాళ్ళు దేనికి, బండ మీద ఆరేసుకోవడానికా?" అన్నాడు కోరయ్య.

వీరన్నకు ఒళ్ళు మండింది. వీడికి బుద్ధి చెప్పాలనుకున్నాడు. బాట మలుపులో, చెప్పాపెట్టకుండా, ఉన్నచోటనే నిలబడిపోయాడు.

కోరయ్య ఆగలేకపోయాడు. అతని కోర వీరన్న వెనక కాలిలో దిగింది. వీరన్న ముందుకు తూలి, లోయ అంచున మోకాళ్ళ మీద పడి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. కోరయ్య బండను రాసుకుంటూ అతన్ని దాటాడు.

"ఆగేవాడివి చెప్పి ఆగొద్దూ" అని సణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున దుప్పి చుక్కమ్మ వీరన్నను చూడటానికి వచ్చింది. ఆమె నిండు చూలాలు. వీరన్న ఇప్పచెట్టు కింద పడుకుని గాయం నాక్కుంటున్నాడు.

"తప్పు ఎవరిది అన్నా?" అని అడిగింది చుక్కమ్మ.

"వాడిదే. అడవిలో ఎవర్నైనా అడుగు."

"అడగక్కర్లేదు, వాడిదే. మరి కాలు?"

వీరన్న గాయం వైపు చూసుకున్నాడు. "కాలు నాదే" అన్నాడు.

"అది మానేదాకా మడుగుకు దిగలేవు."

"దిగలేను. నేరేడు ఆకులు నములుతూ పడి ఉంటాను. నా సంగతి సరే చెల్లెమ్మా, నీకు నీళ్ళు లేకపోతే కుదరదు కదా. ఆ బరువుతో దిగుతుంటే వాడు నీ వెనక పడ్డాడనుకో. ఒక్క తోపు చాలు, లోయలో రెండు ప్రాణాలు పోతాయి."

"తెల్లారినప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను" అంది చుక్కమ్మ.

ఆ సాయంత్రం ఆమె బాటలోకి దిగింది. ముందు ఒక ముసలి అడవిదున్న నడుస్తున్నాడు. సగం దూరం వెళ్ళాక వెనక బుస వినిపించింది. వేడి ఊపిరి గిట్టలకు తగిలింది. అది ఎవరిదో ఆమెకు తిరిగి చూడకుండానే తెలిసింది.

చుక్కమ్మ పరుగెత్తలేదు. ఆగలేదు. మాట కూడా అనలేదు. అడుగు మాత్రం కొంచెం నెమ్మది చేసింది. మరికాస్త దూరం పోయాక ఇంకొంచెం నెమ్మది చేసింది. ఆమెకూ అడవిదున్నకూ మధ్య ఖాళీ పెరుగుతూ వచ్చింది.

"ముందు అంత చోటు పెట్టుకుని ఈ నత్తనడకేంటి వదినా? పల్లకీకి కబురు పంపావా?" అన్నాడు కోరయ్య.

చుక్కమ్మ అదే నడక సాగించింది. వెనకవాడు వదలాల్సిన ఎడం వదలడని ఆమెకు తెలుసు. వాడి మూతి తన చెప్పుచేతల్లో లేదు. తన ముందున్న చోటు మాత్రం తన చెప్పుచేతల్లోనే ఉంది. అందుకని వాడు వదలని ఎడాన్ని కూడా తనే ముందు వదులుతోంది. తనకు ఆగడానికి కావలసినంత, ఆపైన వాడికి ఆగడానికి కావలసినంత.

ఇంకో మలుపు తిరగ్గానే అడవిదున్న ఒక్కసారిగా ఆగాడు. పైనుంచి రాళ్ళు జారి బాటకు అడ్డంగా పడుతున్నాయి.

చుక్కమ్మ వెంటనే తోక పైకెత్తింది. దుప్పి తోక అడుగున తెల్లగా ఉంటుంది. కోరయ్య చూపు మందం. అయినా ఆ తెలుపు అతని కళ్ళముందు మెరిసింది. తోక దించకుండానే చుక్కమ్మ నడక తగ్గించింది. ఇంకా తగ్గించింది. ముందు చోటుంది కాబట్టి ఆమెకు తొందర లేదు. కోరయ్య సణుగుతూనే ఆమెతోపాటు తగ్గాడు. అడవిదున్నకు ఇంకా బోలెడు దూరం ఉండగానే ఇద్దరూ నిలబడ్డారు.

కోరయ్య మూతి ఆమె తొడకు ఆనింది. ఆనిందే కానీ, తొయ్యలేదు. కడుపులో కూన ఒకసారి కదిలి మళ్ళీ సర్దుకుంది.

రాళ్ళు జారడం ఆగాక అడవిదున్న వాటిని కొమ్ములతో లోయలోకి నెట్టాడు. వరస కదిలింది. కొంచెం దూరం పోయాక బండలో గూడులాంటి చోటు వచ్చింది. చుక్కమ్మ ముందుగానే నెమ్మదించి అందులోకి తప్పుకుంది.

"నువ్వు పద కోరయ్యా" అంది.

"ఇప్పటికి తెలిసిందా, బాట ఎవరిదో" అన్నాడు కోరయ్య ఆమెను దాటుతూ.

"నీదేలే. చూసుకుని వెళ్ళు."

తరువాతి గూడు దగ్గర అడవిదున్న కూడా అతనికి దారి ఇచ్చాడు. ముసలి దున్నకు బురద మీద ఆశ లేదు. ఆ ముందు ముళ్ళపంది సూదవ్వ నడుస్తోంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు.

వెనక బుస వినగానే సూదవ్వ తన ముళ్ళను గలగలలాడించింది. దూరంగా ఉండమని ముళ్ళపందులు చెప్పే తీరు అది.

"ఈ వయసులో గజ్జెలెందుకవ్వా?" అన్నాడు కోరయ్య.

అతను తోక కోసం చూశాడు. ముళ్ళపంది తోక చాలా చిన్నది, ముళ్ళ మధ్య దాగి ఉంటుంది. కనబడాలంటే బాగా దగ్గరికి జరగాలి. కోరయ్య జరిగాడు.

"నాయనా, ఇక్కడ వేరు అడ్డం ఉంది. దాటడానికి ఆగుతున్నాను" అంది సూదవ్వ.

ఆమె ఆగింది. కోరయ్య ఆగలేదు.

ఆ అరుపు కొండ పైదాకా వినిపించింది. ఇప్పచెట్టు కింద వీరన్న చెవులు రిక్కించాడు.

కోరయ్య మూతినిండా ముళ్ళు దిగాయి. మద్దిచెట్టు నీడ ఆ సాయంత్రం ఎవరికి దక్కిందో అతను పట్టించుకోలేదు. ముళ్ళున్న మూతితో నేల తవ్వలేడు. తవ్వకపోతే దుంప దొరకదు. ఆకలితో పడుకున్నాడు. చివరికి కోతులు వచ్చి ముళ్ళు పీకాయి. పీకిన ప్రతి ముల్లుకూ "ఇంతకీ ఎలా జరిగింది మామా?" అని మళ్ళీ అడిగాయి. కోరయ్య మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అన్నిసార్లు చెప్పాక అతనికే ఆ కథ అర్థమైంది.

చుక్కమ్మ ఆ సాయంత్రం కడుపునిండా నీళ్ళు తాగి, చీకటి పడకముందే కొండ ఎక్కింది. కొన్నాళ్ళకు ఎత్తుగా పెరిగిన బోదగడ్డి చాటున ఆడకూనను ఈనింది. వీరన్న కుంటుకుంటూ చూడటానికి వచ్చాడు.

"వాణ్ణి ఒక్క మాటైనా అనకుండా దారి ఇచ్చావట" అన్నాడు.

"నేను వెళ్ళింది నీళ్ళ కోసం అన్నా. వాడికి బుద్ధి చెప్పడానికి కాదు" అంది చుక్కమ్మ.

వీరన్న కూనను చూసి తల ఊపాడు.

తొలకరి రావడానికి ముందే కూన తల్లి వెంట మడుగుకు బయలుదేరింది. దానికి బాట కొత్త. ఎగిరే సీతాకోకచిలుకను చూసి ఆగింది. తన నీడను చూసి ఆగింది. ఊరికే కూడా ఆగింది. చుక్కమ్మ వెనక్కి తిరిగి చూసింది. కూన వెనక వస్తున్నది కోరయ్య. కానీ చాలా దూరంగా వస్తున్నాడు. కూన ఆగినప్పుడల్లా తనూ ఆగుతున్నాడు.

అతని వెనక ఒక కుర్ర అడవిపంది అసహనంగా గురగురలాడింది. "మామా, పొద్దుపోతోంది. దాన్ని పక్కకు నెట్టరాదూ?"

"పిల్ల నీళ్ళదాకా చేరాలిరా" అన్నాడు కోరయ్య. "నువ్వు కాస్త వెనక్కి జరిగి నడువు."

కూన పడి, లేచి, మళ్ళీ పడి, లేచి మడుగు చేరింది. తల్లి పక్కన నిలబడి మొదటిసారి నీళ్ళలో మూతి పెట్టింది.

నీతి: వెనక నుంచి తరిమేవాడితో పరుగుపందెం వద్దు, పంతం అసలే వద్దు, ముందు ఎడం పెంచుకుని, చోటు రాగానే దారి ఇచ్చేవాడే క్షేమంగా గమ్యం చేరతాడు.