తిమింగలం తెచ్చిన పచ్చ

ఎర్రమెట్ట తీరం ముందున్న సముద్రంలో ఆ ఏడు కరువొచ్చింది. మామూలుగా అయితే కంటికి ఆననంత చిన్న మొక్కలు కోట్లకొద్దీ పెరిగి, పైనీళ్ళన్నీ పచ్చగా మారేవి. ఆ పచ్చే కవళ్ళు అనే చిన్న చేపల గుంపుకు తిండి. ఈసారి సముద్రంలో కలిసే ఏటికి వరద లేదు, పచ్చకు ఎరువయ్యే ఒండ్రు దిగలేదు. గాలి వీయలేదు, అడుగునీరు పైకి కదల్లేదు. నీళ్ళు వేడెక్కి, తేటగా, ఖాళీగా ఉన్నాయి.

నూకాలు అనే ముసలి చేప ఆ గుంపుకు పెద్ద. ఈదే ఓపిక లేక తేలిపోతున్న పిల్లల్ని చూసి ఆమె గుండె తరుక్కుపోయింది.

అప్పుడొచ్చాడు సొరచేప గండయ్య.

"నూకాలమ్మా, ఆ కొండ కింది లోయలో పచ్చ గుట్టలుగా పడుంది. రండి, దారి చూపిస్తా."

"మాకు మేలు చేయాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టింది గండన్నా?"

"మాంసం తినేవాణ్ణి, మీ గడ్డి నాకెందుకు? ఇదిగో చూడు!" అంటూ పళ్ళ సందున ఇరికించుకొచ్చిన పచ్చటి పీచు ఉమ్మాడు.

గుంపంతా ఎగబడింది. "పోదాం పెద్దమ్మా!"

నూకాలు కొరికి చూసింది. ఒడ్డు రాళ్ళ మీది నాచు అది. ఏమీ ఎరగనట్టు అడిగింది.

"లోయలో ఎండ బాగా పడుతుందా?"

"ఎండా? చిమ్మచీకటి! హాయిగా, చల్లగా ఉంటుంది."

"అడుగున ఏముంటుందో?"

"ఏముంటుంది, చచ్చినవన్నీ కుళ్ళిన ఎరువు," అని నాలుక కరుచుకున్నాడు గండయ్య. "పచ్చ కూడా ఉందిలే!"

నూకాలుకు రెండూ అర్థమయ్యాయి. ఎండ లేనిచోట పచ్చ మొలవదు, గండయ్యది అబద్ధం. ఇక్కడ ఎండ ఉంది, ఎరువే లేదు. ఆ ఎరువు పైకి తెచ్చేదెవరు?

తిమింగలం పోలమ్మ గుర్తొచ్చింది. లోతుల్లో మేసి, ఊపిరికి పైకొచ్చి, ఇక్కడే కడుపు ఖాళీ చేసుకునేది. "కంపు భరించలేం, అవతలికి పో," అని కిందటేడు తరిమింది తనే. నూకాలు సిగ్గుతో కుంచించుకుపోయింది.

"సరే గండన్నా, వస్తాం. నువ్వు ముందెళ్ళి అడుగున ఉండు. పిల్లలు దారి తప్పకుండా నోరు బాగా తెరిచి పిలుస్తూ ఉండు."

గండయ్య లొట్టలేసుకుంటూ దిగిపోయాడు. నూకాలు గుంపు వైపు తిరిగింది.

"ఒక్కరు కదిలినా వాడి నోట్లోకే. నేనొచ్చేదాకా ఓపిక పట్టండి."

రోజంతా ఈది పోలమ్మను చేరుకుంది.

"అత్తా, నోరు జారాను. వచ్చి మా నీళ్ళలో మునుపటిలా ఉండు."

"కంపన్నావుగా?"

"ఆ కంపే మా కూడు అని తెలియలేదు. నా మీది కోపం పిల్లల మీద చూపించకు."

పోలమ్మ నవ్వుకు అలలు లేచాయి. "ఇంత మర్యాదగా నన్ను దొడ్డికి పిలిచినవాళ్ళు లేరే! పద."

అక్కచెల్లెళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. అందరూ లోతుకు మునిగి మేశారు, పైకొచ్చి ఎర్రమట్టి మేఘంలా పెంట విడిచారు.

"ఈ కంపు తిని బతకమంటావా?" అని గుంపులో గొణిగారు.

"కాస్త ఆగండి. ఎండని తన పని చేయనివ్వండి."

మూడోనాటికి నీటి రంగు తిరిగింది. అయిదోనాటికి వరిచేనంత పచ్చ! పిల్లలు పొట్టలు ఉబ్బేలా తిని గంతులేశారు.

లోయలో నోరు తెరిచి, అరిచి అరిచి డొక్కలు మాడిన గండయ్య ఒళ్ళు మండి పైకొచ్చాడు.

"ఎక్కడే నూకాలూ!"

పచ్చ ఎంత చిక్కగా ఉందంటే వాడికి తన ముక్కే కనబడలేదు.

"ఇక్కడున్నాం గండన్నా!" అని కుడినుంచి కేక. "ఇటు, ఇటు!" అని ఎడమనుంచి కేక.

ఒక్క ఊపున దూకాడు. ఆ కేకల మధ్య పచ్చలో దాగిన రాతి గుట్టకు మూతి కొట్టుకుని ముందు పళ్ళు నాలుగూ రాలాయి. ఆ పళ్ళు వెతుక్కోనైనా ఆగకుండా తోక ముడిచాడు. వేల కవళ్ళు ఒక్కసారి వెండిలా మెరిసి, నూకాలు చుట్టూ గిర్రున తిరిగాయి.

తాము చీదరించి పంపేసినవాళ్ళ దగ్గరే తమ అన్నం ఉందని తెలిసినప్పుడు, సిగ్గుపడుతూనైనా వెళ్ళి పిలుచుకొచ్చినవాళ్ళదే గెలుపు.